దేహము వేరు – జీవుడు వేరు

వర్తకము చేయువాడు ప్రతి సరుకునకు ఒక కొలత ఏర్పరచుకొనును. వస్త్రమును గజముతోను, నూనెను మానికతోను, బంగారమును చిన్నత్రాసుతోను నిర్ణయించును. కొలతకు రానిదానికి ధర కట్టడు. ధర కట్టరానిదానిని దుకాణములో ఉంచడు. వ్యవహారమున ఈ అలవాటు మేలైనదే. కాని ఇదే అలవాటుతో ఆత్మవిషయమును ఆలోచించునపుడు ఒక చిక్కు ఏర్పడుచున్నది. త్రాసు పట్టినవాడు సరుకును తూచును. తూచుచున్నానను ఆ ఎరుకను ఏ పళ్ళెములో పెట్టవలెను? పెట్టుటకు వీలులేనంత మాత్రమున అది లేదనవలెనా?

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. శ్వేతాంబర ఆగమములలో రెండవ ఉపాంగమగు రాజప్రశ్నీయ సూత్రములో పయేసి అను రాజునకు, కేశికుమార శ్రమణునకు జరిగిన సంవాదము దీనిమీదనే నడచినది. పయేసి సేయవియా నగరమునకు ప్రభువు. పరలోకమును, పుణ్యపాపములను నమ్మనివాడు. కేశి పార్శ్వనాథుని పరంపరకు చెందిన శ్రమణుడు. రాజునకు ఆప్తుడైన చిత్రుడు గుఱ్ఱములను పరీక్షించు నెపమున ఆయనను దూరము తీసికొనిపోయి, శ్రమణుడు ధర్మము బోధించుచున్న ఉద్యానమునకు చేర్చినాడు. బౌద్ధుల దీఘనికాయములోను పాయాసి అను పేరుతో దాదాపు ఇట్టి కథయే కలదు. అచ్చట సమాధానము చెప్పినవాడు కుమారకస్సపుడు. ఒకే సంవాదము రెండు శ్రమణ సంప్రదాయములలో నిలిచియుండుటను బట్టి ఆనాటి జనులను ఈ సందేహము ఎంతగా కలచినదో ఊహింపవచ్చును.

పయేసి నోటిమాటతో వాదించి ఊరకున్నవాడు కాడు. తన అభిప్రాయమును పరీక్షించి చూచినవాడు. ప్రాణముతోనున్న ఒక దొంగను ఇనుప కుంభములో పెట్టించి, మూత బిగించి, సందులను కరగిన లోహముతో పూడ్పించి, కావలి ఉంచినాడు. కొన్ని దినములకు తెరచి చూడగా దొంగ మరణించియున్నాడు. కుంభమునకు ఎచ్చటను రంధ్రము లేదు. జీవుడనువాడు వేరుగా ఉన్నచో ఏ దారిని వెడలినాడని రాజు ప్రశ్న. మరొక దొంగను చంపుటకు ముందు ఒకసారి, చంపిన తరువాత ఒకసారి తూచినాడు. తూకములో భేదము కనబడలేదు. ఇంకొకనిని ముక్కలుగా కోయించి వెదకినాడు. ఏ ముక్కలోను జీవుడు కంటబడలేదు. కనుక దేహమే జీవుడు, జీవుడే దేహము అని ఆయన తీర్పు.

ఈ తీర్పును విమర్శించుటకు ముందు ఆ పరీక్షలకు బలియైనవారిని తలచుకొనవలసియున్నది. రాజు దృష్టిలో వారు పరీక్షకు పనికివచ్చు సరుకులు. దేహమే సర్వమనువారందరు క్రూరులని దీని అర్థము కాదు. ఆత్మను నమ్మకయే దయతో బ్రదికినవారు ఎందరో కలరు, ఆత్మను నమ్మియు పరులను పీడించినవారును కలరు. కాని ఎదుటివానియందు తనవంటి ఎరుక కలదని రాజు ఒక క్షణమైనను తలచియుండినచో, ఆ ఇనుపమూత మూయించుటకు ఆయనకు చేయి ఆడియుండెడిది కాదు. దేహాత్మవిచారము పండితుల కాలక్షేపము కాకపోవుటకు కారణమిదియే.

కేశిశ్రమణుడు రాజును కోపగింపలేదు. ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క దృష్టాంతముతో సమాధానమిచ్చినాడు. తలుపులు, కిటికీలు గట్టిగా మూసిన ఇంటిలో భేరి మ్రోగించినచో ఆ ధ్వని వెలుపలకు వినబడును. గోడకు మాత్రము రంధ్రము పడదు. రంధ్రము లేదు గనుక ఏదియు వెడలలేదనుట ఈ విధముగా చెల్లలేదు. తూకము సంగతికి తోలుతిత్తిని చూపినాడు. తిత్తిని గాలితో నింపి తూచినను, గాలి తీసివేసి తూచినను త్రాసు ఒకే తూకము చూపును. అంతమాత్రమున గాలి లేదని ఎవరును అనరు.

నేటి పదార్థవిజ్ఞానము తెలిసినవారు ఇచ్చట ఒక ఆక్షేపణ చేయుదురు. గాలికి బరువు కలదు. సాధారణమైన శీతోష్ణములో, సముద్రమట్టమున ఒక లీటరు గాలి ఇంచుమించు 1.2 గ్రాములు తూగును. అయినను లోపలి గాలిని ఒత్తిడిచేసి నింపనిచో, చుట్టునున్న గాలి ఆ తిత్తిని అంతే బలముతో పైకి ఎత్తుచుండుట వలన త్రాసు ముల్లు కదలదు. కనుక తిత్తిని గూర్చి శ్రమణుడు చెప్పిన అనుభవము సత్యమే. కాని ఆ దృష్టాంతము ఎంతవరకు పనిచేయునో అంతవరకే దానిని వాడుకొనవలెను. త్రాసు పట్టుకొనలేనిదెల్ల లేనిదే అనుట తప్పని అది నిరూపించును; ఆత్మ గాలివంటి సూక్ష్మపదార్థమని నిరూపింపదు. అరచేతిలోని ఉసిరికాయవలె జీవుని చూపుమని రాజు అడిగినపుడు కేశి ఈ భేదమును తానే స్పష్టపరచినాడు. గాలి రూపము గల ద్రవ్యము; దానినే కంటితో చూడలేనపుడు, రూపమే లేని జీవుని చేతిలో పెట్టి చూపుట ఎట్లని ఆయన అడిగినాడు.

ఈ భేదమును మరచుట వలన కలుగు ప్రమాదమునకు పాశ్చాత్యదేశములో ఒక ఉదాహరణ కలదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున హేవర్‌హిల్ పట్టణములో డంకన్ మాక్డూగల్ అను వైద్యుడు, మరణమునకు సిద్ధముగానున్న ఆరుగురు రోగులను మంచముతో సహా పెద్ద త్రాసుమీద ఉంచి తూచినాడు. తన ఫలితములను 1907లో ప్రకటించినాడు. మొదటి రోగి ప్రాణము పోవునపుడు ముప్పాతిక ఔన్సు, అనగా సుమారు 21 గ్రాములు, తగ్గినదనియు అది ఆత్మ బరువు కావచ్చుననియు ఆయన తలపోసినాడు. ఆరుగురిలో ఇద్దరి లెక్కను పనికిరాదని ఆయనే విడిచిపెట్టినాడు. మిగిలినవారి తూకములు ఒకదానితో ఒకటి సరిపోలలేదు. ఊపిరితిత్తులు ఆగిపోయినపుడు దేహతాపము పెరిగి, చెమట ఆవిరియై పోవుట వలన బరువు తగ్గియుండవచ్చునని అగస్టస్ క్లార్క్ అను మరొక వైద్యుడు విమర్శించినాడు. అయినను 21 గ్రాముల మాట మాత్రము లోకమున నిలిచిపోయినది.

పయేసి ఆత్మ లేదని చూపుటకు త్రాసును ఆశ్రయించినాడు. మాక్డూగల్ ఆత్మ కలదని చూపుటకు త్రాసును ఆశ్రయించినాడు. ఇద్దరి పొరపాటును ఒకటే. ఆ వైద్యుని పరీక్ష ఫలించినదనియే అనుకొన్నను, దానివలన సిద్ధించునది 21 గ్రాముల పదార్థము, ఆత్మ కాదు. బరువు గలది ఎంత స్వల్పమైనను పుద్గలమే. ఆత్మవాదికి అట్టి విజయము ఓటమికంటె ఎక్కువ నష్టము కలిగించును.

అయినచో అమూర్తమనగా అర్థమేమి? రంగు, రుచి, వాసన, స్పర్శ లేనిదని జైనాచార్యుల నిర్వచనము. అనంతపురం జిల్లాలో గుంతకల్లునకు సమీపమునగల కోనకొండ్ల కుందకుందాచార్యుని జన్మస్థలమని ప్రతీతి. ఆయన సమయసారములో ఈ లక్షణములను ఒక్కొక్కటిగా నిషేధించి, చైతన్యమే ఆత్మగుణమని స్థాపించినాడు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము దీనినే ఉపయోగమను మాటతో చెప్పుచున్నది. తెలిసికొనుట, చూచుట అను వ్యాపారమునకే ఉపయోగమని పేరు. కనుక ఆత్మను నిరూపించుట అనగా కంటికి కనబడని ఒక వస్తువును వెదకి పట్టుకొనుట కాదు. తెలిసికొనుట అను పనిని తెలియబడు వస్తువులలోనికి దింపివేయుట సాధ్యమా అని విచారించుట.

మొదటి యుక్తి ఈ విచారము నుండియే పుట్టుచున్నది. దొంగను కోసి జీవుని వెదకిన రాజునకు, నిప్పుకొరకు అరణికఱ్ఱను ముక్కలుచేసిన మూఢుని కథ చెప్పినాడు కేశి. కఱ్ఱలో నిప్పు కలదనగానే దానిని చీల్చి, చిన్నముక్కలు చేసి చూచినాడు, నిప్పు కానరాలేదు. తెలిసినవాడు వచ్చి మథించి నిప్పు పుట్టించినాడు. చూడవలసిన తీరు తెలియనివాడు ఎంత కోసినను లాభము లేదని భావము. జర్మనీ దేశపు తత్త్వవేత్త లైబ్నిజ్ 1714లో మరొక దృష్టాంతముతో ఇట్టి సంగతినే చెప్పినాడు. ఆలోచించు యంత్రమొకటి కలదనుకొని, దానిని తిరగలిమిల్లు అంత పెద్దదిగా పెంచి లోపలికి ప్రవేశించినచో, ఒకదానినొకటి త్రోయుచున్న భాగములే కనబడును. ఎరుక ఎచ్చటను కనబడదు. నేడు మెదడులో ఏ భాగమునకు రక్తప్రసారము హెచ్చినదో యంత్రముతో చూపగలరు. పంటినొప్పి గలవాని మెదడు చిత్రమును పదిమంది చూడవచ్చును. నొప్పి మాత్రము ఆ ఒక్కనికే తెలియును. మెదడులోని క్రియలకు అనుభవము తోడగుట ఎందుచేత అను ప్రశ్నకు డేవిడ్ చామర్స్ అను తత్త్వవేత్త 1995లో కఠినసమస్య అని పేరు పెట్టినాడు. ఆయన జైనుల వలె జీవద్రవ్యమును అంగీకరించినవాడు కాడు. అయినను సమస్య కలదని ఒప్పుకొన్నాడు.

రెండవ యుక్తి జినభద్రగణి విశేషావశ్యకభాష్యములోని గణధరవాదములో కలదు. మహావీరుని వద్దకు వాదమునకు వచ్చిన పదునొకండుగురు విప్రులలో మూడవవాడు వాయుభూతి. దేహమే జీవుడా, వేరా అనునది అతని సందేహము. దానికి సమాధానముగా ఐదు కిటికీల దృష్టాంతము చెప్పబడినది. ఒక మనిషి ఐదు కిటికీలగుండ చూచిన వస్తువులను, ఆ కిటికీలు మూసిన తరువాతను జ్ఞాపకముంచుకొనును. చూచినది కిటికీ అయినచో కిటికీతోపాటు జ్ఞాపకమును పోవలసినది. నడివయస్సులో చూపు పోయినవాడు తాను చిన్ననాడు చూచిన తల్లిముఖమును మరువడు. అంతేకాక, మామిడిపండు రంగును కన్ను చూచును, వాసనను ముక్కు పట్టును, తీపిని నాలుక ఎరుగును. కన్నునకు తీపి తెలియదు, నాలుకకు రంగు తెలియదు. ఈ పచ్చనిదే తియ్యగా ఉన్నదని కలిపి చెప్పుచున్నది ఎవరు? ఐదుగురు గుమాస్తాలు ఐదు గదులలో ఐదు చీటీలు వ్రాసి ఉంచినంత మాత్రమున మొత్తము తేలదు. చీటీలన్నియు ఒకనికి తెలియవలెను.

మూడవ యుక్తి వ్యవహారములో నిత్యము కనబడునది. ఇరువది ఏండ్ల క్రిందట అప్పు తీసికొన్నవాడు నేడు తీర్చవలెనని లోకము కోరుచున్నది. ఆనాటి దేహములో రక్తము, చర్మము, మాంసము చాలవరకు మారిపోయినవి. మెదడులోని నాడీకణములు అనేకము జీవితాంతము నిలుచునన్న మాట నిజమే. అయినను వాటిలోని పదార్థములోను చాలభాగము మారుచునే యుండును. నాటి దేహము వేరు, నేటి దేహము వేరు గనుక నాకు ఋణము లేదని అనువానిని ఏ సభయు అంగీకరింపదు. తీసికొన్నవాడే తీర్చవలెనను న్యాయము, మార్పుల నడుమ మారని ఒకనిని ముందుగా ఒప్పుకొన్నది. పదార్థము మారినను ఏర్పాటు మారలేదు గదా, జ్ఞాపకము మెదడులో వ్రాయబడియే యున్నది గదా అని కొందరు అందురు. వ్రాయబడియుండవచ్చును. కాని చిట్టా ఆవర్జాలు ఎంత శ్రద్ధగా వ్రాసినను తమను తాము చదువుకొనవు. అప్పు పుస్తకములో నున్నది; అప్పున్నదను దిగులు మాత్రము పుస్తకమునకు లేదు.

చార్వాకులు దీనికి ఒక ప్రత్యుత్తరము చెప్పుదురు. ఇప్పపూవులో మత్తు లేదు, బెల్లములో మత్తు లేదు; రెండును కలిపి పులియబెట్టగా మత్తు పుట్టుచున్నది. అటులనే భూతములు కలియగా చైతన్యము పుట్టునని వారి వాదము. పూర్వాచార్యులు ఆ ద్రవ్యములలో ప్రతిదానియందును మత్తునకు కావలసిన శక్తి కొంత ఉండుటచేతనే కలిపినపుడు మత్తు పుట్టినదనిరి. నేటి చార్వాకుడు మరింత బలముగా, జలవాయువులోను ప్రాణవాయువులోను లేని తడి నీటిలో ఎట్లు వచ్చినదని అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. కాని అణువులు ఒకదానినొకటి పట్టుకొను తీరు తెలిసినచో నీరు ఏల పారునో, ఏల అంటుకొనునో విడమరచి చెప్పవచ్చును. తడియును, ప్రవాహమును వెలుపలినుండి చూడదగిన గుణములే. ఎరుక అట్టిది కాదు. అణువుల కదలికను ఎంత వివరించినను, ఆ కదలిక ఒకనికి బాధగా తోచుట ఎందులకో ఆ వివరణములో రాదు.

దేహాత్మవాదులకు అన్నిటికంటె బలమైన యుక్తి మరొకటి కలదు. మెదడునకు దెబ్బ తగిలిన బుద్ధి చెడుచున్నది. 1848లో అమెరికాలో రైలుమార్గపు పనిచేయించుచున్న ఫినియస్ గేజ్ అనువాని తలగుండ ఇనుపకడ్డీ దూసికొనిపోయినది. అతడు బ్రదికినాడు గాని, అతని స్వభావము మారిపోయినదని చికిత్స చేసిన వైద్యుడు వ్రాసినాడు. మత్తుమందు ఇచ్చిన ఎరుక అణగును. మతిమరుపు వ్యాధి వచ్చిన వృద్ధుడు కన్నబిడ్డలనే గుర్తింపడు. జీవుడు వేరైనచో ఇట్లేల జరుగవలెను?

ఈ ఆక్షేపణ పయేసికిని తట్టినది. యువకుడు ఎక్కుపెట్టి కొట్టగల బాణములను బాలుడు కొట్టలేడు. వృద్ధుడు యౌవనములో మోసిన బరువును మోయలేడు. శక్తి దేహముతో పెరిగి దేహముతో తరుగుచున్నది గదా అని అడిగినాడు. విల్లు విరిగినచో నేర్పరియైన విలుకాడును కొట్టలేడు. కావడిబద్ద పుచ్చిపోయి, ఉట్లు తెగినచో బలవంతుడును బరువు మోయలేడు అని కేశి సమాధానము. సాధనము చెడిన పని చెడును. అంతమాత్రమున సాధనమే కర్త కాదు. ఈ సమాధానము హద్దును గ్రహించుట న్యాయము. ఇది జీవుడు వేరని స్వయముగా నిరూపింపదు. ఆధారపడుట వేరు, అదియే అగుట వేరు అని మాత్రము చూపును. జీవుడు వేరనుటకు బలము ముందు చెప్పిన యుక్తులలో నున్నది.

మరొక కష్టప్రశ్న 1643లో ఐరోపాలో పుట్టినది. ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త డెకార్ట్ మనస్సునకు విస్తీర్ణము లేదనియు దేహమునకు విస్తీర్ణమే స్వభావమనియు సిద్ధాంతము చేసినాడు. బొహీమియా రాజకుమారి ఎలిజబెత్ ఆయనకు లేఖ వ్రాసి, విస్తీర్ణము లేనిది దేహమును ఎట్లు కదలించునని అడిగినది. ఆయన ఇచ్చిన సమాధానముతో ఆమె తృప్తిపడలేదు. జైనసిద్ధాంతమునకు ఈ చిక్కు ఆ రూపమున రాదు. జీవుడు శుద్ధస్వభావమున అమూర్తుడైనను, సంసారదశలో అనాదిగా కర్మపుద్గలములతో పాలునీళ్ళవలె కలిసియున్నాడు. ఆ కలయికను బట్టి వ్యవహారదృష్టిలో మూర్తుడని చెప్పుటయు కలదు. అనాదిబంధమును ఒప్పుకొననివారికి ఇది చాలదు. అయినను డెకార్ట్ విడదీసి కలుపలేకపోయిన రెంటిని జైనులు మొదటినుండి కలిసియున్నవిగానే చూచి, విడదీయు మార్గమును సాధనగా బోధించినారు. ఖనిజములోని బంగారము మట్టితో కలిసియున్నను మట్టి కాదు, కరగించినపుడు తేలును.

ఏనుగు జీవుడును, కుంథువను సూక్ష్మకీటము జీవుడును సమానమేనా అని పయేసి అడిగినపుడు, సమానమే అని కేశి ఉత్తరమిచ్చినాడు. దీపమును గదిలో ఉంచిన గదియంతయు వెలుగును. దానిపై గంప బోర్లించిన గంపలోపలనే వెలుగును. చిన్నపాత్ర బోర్లించిన అంతలోనే అణగియుండును. దీపము మాత్రము ఒకటే. మాక్డూగల్ వైద్యుడు పదునైదు కుక్కలను గూడ తూచి, వాటి బరువు తగ్గలేదు గనుక వాటికి ఆత్మ లేనట్లు తలచినాడు. కుక్కలకు మనుష్యులవలె ఒళ్ళంతయు చెమట పట్టదని విమర్శకుని సమాధానము. త్రాసు నమ్మినవానికి కుక్క లెక్కలోనికి రాలేదు. ఎరుకను లక్షణముగా నమ్మినవానికి చీమయు లెక్కలోనికి వచ్చినది. అహింస కేవలము జాలిగుణము కాక, ఈ లెక్కనుండి పుట్టిన బాధ్యత అయినది.

వాదమున ఓడిన తరువాతను రాజు వెంటనే లొంగలేదు. ఈ అభిప్రాయము తాతతండ్రులనాటినుండి వచ్చినది, ఎట్లు విడుతునని అడిగినాడు. దానికి కేశి చెప్పిన కథ వర్తకులది. ధనార్థులై అడవిలో పోవుచున్న కొందరికి ఇనుపగని కనబడినది. అందరును ఇనుము మూటలు కట్టుకొన్నారు. ముందునకు పోగా తగరము, రాగి, వెండి, బంగారము, రత్నములు, వజ్రములు వరుసగా కనబడినవి. తక్కినవారు తక్కువదానిని పారవేసి ఎక్కువదానిని ఎత్తుకొన్నారు. ఒకడు మాత్రము, ఇంతదూరము మోసితిని, ఇంత గట్టిగా కట్టితిని, విడువననెను. ఊరు చేరిన తరువాత వారి మేడలు చూచి అతడు పశ్చాత్తాపపడినాడు. ఈ కథ నాస్తికునికే కాదు, ఆస్తికునికిని వర్తించును. జీవుడు వేరను మాటను తాతతండ్రులు చెప్పిరని మాత్రమే మోయువాడు, వజ్రమునే మోయుచున్నను ఇనుపమూట వలె మోయుచున్నాడు. విచారించి తీసికొన్నదే సొమ్మగును.

పయేసి శ్రావకవ్రతములు స్వీకరించినాడు. రాజ్యపు ఆదాయమును నాలుగు భాగములు చేసి, ఒక భాగముతో దానశాల నడపినాడు. భోగములయందు ఆయనకు శ్రద్ధ తగ్గుట చూచి, రాణి సూర్యకాంత ఆహారములో విషము పెట్టించినది. విషమని తెలిసియు ఆయన రాణిపై ద్వేషము పూనక, వ్రతములను స్మరించుచు దేహము విడిచినాడు.

ఒకప్పుడు పరుల దేహములను మూసి, తూచి, కోసి జీవుని వెదకినవాడు, చివరకు తన దేహము నశించుచుండగా తనలోని ఏ భాగమును విషము తాకలేదో గుర్తించినాడు. దేహము వేరు, జీవుడు వేరు అను వాక్యమునకు యుక్తులు బుద్ధిని ఒప్పించును. ఒప్పుకొన్నవాని వ్యవహారములో అది కనబడనిచో ఆ ఒప్పుదల నోటిమాటగానే మిగులును. అంగడిలో తనకంటె అల్పుడైన కూలివానిని, అప్పుదీర్పలేక తలవంచుకొని నిలిచినవానిని, కాలిక్రింద పోవు కీటకమును చూచునపుడు, ఈ దేహమునందును తనవంటి ఎరుకయే కలదని తలచువాడు ఆ వాక్యము అర్థమును గ్రహించినవాడు.